'తగ్గింది' అన్న ఒక్క మాటకి ఇంగ్లీషులో ఎన్ని మాటలో, ఏది ఎక్కడ వాడాలో

జ్వరం తగ్గింది. వాన తగ్గింది. కాలి వాపు తగ్గింది. మిర్చి రేటు తగ్గింది, మామయ్య కోపం తగ్గింది, తాతయ్యకి చూపు తగ్గింది, పక్కింట్లో పెళ్లి హడావిడి తగ్గింది. ఒక్క క్రియతో పొద్దున్నుంచి రాత్రిదాకా నెట్టుకొచ్చేస్తాం, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు. 'ఫీవర్ ఈజ్ రెడ్యూస్‌డ్', 'రెయిన్ ఈజ్ రెడ్యూస్‌డ్', 'ఐ రెడ్యూస్‌డ్ ఫైవ్ కేజీస్' అని అన్ని తలుపులకీ ఒకటే తాళంచెవి తిప్పుతాం. మన ఆఫీసుల్లో ఇవన్నీ చెల్లిపోతాయి, అందరం అలాగే మాట్లాడుకుంటాం కాబట్టి. బయటివాళ్లకి మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడో, ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలోనో దొరికిపోతాం.

అప్పుడు చాలామంది చేసే పని, థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) తెరిచి 'వీకెన్' కింద ఉన్న పాతిక మాటలూ బట్టీ పట్టడం. ఇది ఇంకా ప్రమాదం. నేను ఆఫీసులో జూనియర్ల మెయిళ్లు పంపేముందు ఒకసారి చూసిపెడుతుంటాను. ఒకబ్బాయి క్లయింటుకి 'ద సర్వర్ ఇష్యూ హాజ్ వేన్డ్' అని రాశాడు. వేన్ అంటే ముందు గుర్తొచ్చేది చంద్రుడు తరిగిపోవడం. సర్వర్‌కి కృష్ణపక్షం వచ్చిందన్నమాట! ఆ అబ్బాయి తప్పేమీ లేదు, లిస్టులో ఆ మాట 'డిక్రీజ్' పక్కనే ఉంది మరి.

నా లెక్కలో ఈ మాటల్ని అర్థాన్ని బట్టి నేర్చుకోకూడదు, తగ్గిన వస్తువుని బట్టి నేర్చుకోవాలి. మీకు ఇది కొత్త కాదు, తెలుగులో రోజూ చేస్తున్నదే. పువ్వు వాడుతుంది, రంగు వెలుస్తుంది, ఆశ సన్నగిల్లుతుంది, పట్టు సడలుతుంది, వ్యాపారం మందగిస్తుంది, ఉత్సాహం నీరుగారుతుంది, అన్నం చల్లారుతుంది. 'రంగు సన్నగిల్లింది' అని ఏ తెలుగువాడూ అనడు, ఎందుకు అనకూడదో ఎవరూ చెప్పలేదు కూడా. వినీ వినీ ఆ జంటలు అలా కుదిరిపోయాయి. ఇంగ్లీషులో కూడా అవే జంటలు పట్టుకోవాలి, అంతే. పువ్వుకి విల్ట్, రంగుకి ఫేడ్, పట్టుకి లూజెన్ లేదా స్లాకెన్, వ్యాపారానికి స్లో డౌన్, ఉత్సాహానికి డాంపెన్. ఆశకి మళ్లీ ఫేడే. రంగుకీ ఆశకీ ఒకే మాట వాడటం వాళ్ల అలవాటు, మనకి రెండు.

నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు ఉంటే మాట ఒక్కటే రాయకండి, దాని పక్కన వచ్చే నామవాచకంతో కలిపి రాయండి. 'సబ్‌సైడ్ = తగ్గు' అని రాసుకుంటే ఆ లైను దండగ. 'స్వెల్లింగ్ సబ్‌సైడ్స్, ఫ్లడ్‌వాటర్ సబ్‌సైడ్స్, పానిక్ సబ్‌సైడ్స్' అని రాసుకుంటే ఆ మాట మీ చేతికొచ్చినట్టే. గమనిస్తే ఈ మూడింటిలోనూ ఏదో పైకి పొంగి మళ్లీ మామూలు మట్టానికి దిగుతోంది. సబ్‌సైడ్ లోపల ఉన్న బొమ్మ అది. అందుకే నేల కుంగినా ఇదే మాట వాడతారు, జోషీమఠ్ వార్తల్లో 'ల్యాండ్ సబ్‌సిడెన్స్' అని విన్నది ఇదే.

'పడు', 'పరచు' తేడా

మాటల్లోకి వెళ్లేముందు వ్యాకరణం ఒక్క ముక్క, ఎందుకంటే మనవాళ్ల తప్పుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. తెలుగులో తనంతట తాను జరిగితే ఒక రూపం, ఎవరో చేస్తే ఇంకో రూపం. బలహీనపడింది, బలహీనపరిచారు. కరిగింది, కరిగించారు. సడలింది, సడలించారు. ఇంగ్లీషులో వీకెన్, సాఫెన్, మెల్ట్, ఈజ్ ('ఈజీ'లో ఉన్నది), లూజెన్ లాంటివాటికి ఈ తేడా లేదు, రెండు పనులకీ ఒకటే రూపం. వెన్న తానే మెత్తబడినా 'ద బటర్ సాఫెన్డ్', మీరు మెత్తబరిచినా 'ఐ సాఫెన్డ్ ద బటర్'. మనకి ఏదో లోటుగా అనిపించి 'గాట్ సాఫెన్డ్', 'వాజ్ వీకెన్డ్' అని ఒక ముక్క తగిలిస్తాం. తనంతట తాను జరిగినదానికి ఆ తోక అక్కర్లేదు.

అయితే అన్నీ ఇలా రెండువైపులా తిరగవు. సబ్‌సైడ్, డ్విండిల్, వేన్, రిలెంట్ వీటికి 'పడు' వైపు మాత్రమే ఉంది. డాక్టరుగారు వాపుని సబ్‌సైడ్ చేయలేరు, వాపే సబ్‌సైడ్ అవ్వాలి. అలీవియేట్, మిటిగేట్ అటువైపు: మందు నొప్పిని అలీవియేట్ చేస్తుంది, నొప్పి తనంతట తాను అలీవియేట్ అవదు. కొత్త మాట తగిలినప్పుడు అర్థం చూడ్డంతోపాటు ఇది పడునా, పరచునా, రెండూనా అని డిక్షనరీ ఉదాహరణల్లో చూసుకోండి. అరనిమిషం పని.

ఇంకోటి, సాఫెన్‌లో 'ట' పలకదు. రాసేటప్పుడు ఉంటుంది, అనేటప్పుడు ఉండదు, లిసన్‌లో, ఫాసన్‌లో (సీటు బెల్టు బిగించమనే మాట) లేనట్టే. మనలో సగం మంది 'సాఫ్టెన్' అంటాం, నేనూ చాలా ఏళ్లు అన్నాను. అన్ని విశేషణాలకీ ఈ 'ఎన్' అతకదు కూడా. సాఫ్ట్, వీక్, స్లాక్, లూజ్, డాంప్, లెస్ వీటికి అతుకుతుంది. డిమ్, కామ్, కూల్, డల్, థిన్, స్లో వీటికి అతకదు, ఆ మాటే క్రియగా నడుస్తుంది. చివర్లో మ, న, ల శబ్దాలు గానీ అచ్చు గానీ ఉంటే ఎన్ రాదు అని ఒక కొండగుర్తు పెట్టుకోవచ్చు.

వాన, గాలి, వరద

వానకి రోజువారీ మాట 'లెట్ అప్'. 'హాజ్ ద రెయిన్ లెట్ అప్?' అంటే కాస్త తెరిపి ఇచ్చిందా అని. నిజానికి 'తెరిపి ఇవ్వడం' అన్న మాటకి ఇంతకంటే దగ్గరది నాకు దొరకలేదు. పూర్తిగా ఆగిపోయిందని కాదు, గొడుగేసుకుని బయటపడొచ్చు అన్నంత. దీన్ని ఎక్కువగా లేదు అనడానికే వాడతారు: 'ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్ వితౌట్ లెటింగ్ అప్', రాత్రంతా ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎడతెరిపిలో తెరిపి, లెటింగ్ అప్‌లో లెటప్, బాగా కుదిరింది.

గాలి, మంట, గోల, చప్పట్లు, పుకార్లు వీటికి 'డై డౌన్'. డై చూసి కంగారు పడొద్దు, సద్దుమణగడం అన్నమాట. పక్కనే 'డై అవుట్' ఉంది, అది వేరే సంగతి: జాతులు, భాషలు, ఆచారాలు అంతరించిపోవడం. గోల డై డౌన్ అవుతుంది, డైనోసార్లు డై అవుట్ అయ్యాయి. ఈ రెండూ తారుమారైతే నవ్వులపాలే.

వరదకి సబ్‌సైడ్ ఉంది, 'రిసీడ్' ఉంది. రిసీడ్ అంటే వెనక్కి తగ్గడం, నీళ్లు ఊళ్లోంచి ఒడ్డువైపు పోవడం. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు కదా, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ తర్వాత గంటగంటకీ మట్టం దిగుతుంటే ఇంగ్లీషు పేపర్లు రాసేది 'ద రివర్ ఈజ్ రిసీడింగ్' అనో, 'ఫ్లడ్ లెవెల్స్ ఆర్ సబ్‌సైడింగ్' అనో. హెచ్చరిక తీసేస్తే అది 'విత్‌డ్రా' లేదా 'లిఫ్ట్', తగ్గడం కాదు. అన్నట్టు నుదుటి మీద జుట్టు వెనక్కి పోవడానికీ రిసీడే, 'రిసీడింగ్ హెయిర్‌లైన్'. నలభై దాటిన మగవాళ్లకి ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు.

తుపానుకి 'వీకెన్'. ఇది మన కోస్తావాళ్లకి బాగా ఉపయోగపడే మాట, ఎందుకంటే వాతావరణ శాఖ బులెటిన్ ప్రతి నవంబరులోనూ వస్తుంది. అందులో మెట్లు ఉంటాయి. గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లయితే డిప్రెషన్, అంటే వాయుగుండం. 50 నుంచి 61 అయితే డీప్ డిప్రెషన్, తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాక ఈ మెట్లే ఒక్కొక్కటీ దిగింది. మెట్టు దిగినప్పుడల్లా వాళ్లు రాసేది 'వీకెన్డ్ ఇంటూ ఎ డిప్రెషన్' అని. ఆ 'ఇంటూ' గమనించండి. బలహీనపడి వాయుగుండంగా మారింది అన్న మన రెండు క్రియల వాక్యాన్ని వాళ్లు ఒక క్రియ, ఒక 'ఇంటూ'తో తేల్చేశారు. పెరిగేటప్పుడు కూడా 'ఇంటెన్సిఫైడ్ ఇంటూ'. ఇందులో 'ఈజ్' లేదు, 'గాట్' లేదు.

'అబేట్' అని ఇంకోటి ఉంది, తుపానుకీ గాలికీ వాడేదే, కాకపోతే పెద్దమనిషి తరహా మాట, నోటితో అనేది తక్కువ. మనవాళ్లకి ఇది కోర్టులో తగులుతుంది. సివిల్ దావాలో పార్టీ చనిపోయాక 90 రోజుల్లో వారసుల్ని రికార్డు మీదకి తేవాలి, తేకపోతే 'కేసు అబేట్ అయింది' అంటారు వకీళ్లు. అక్కడ దాని అర్థం తగ్గడం కాదు, కొట్టుపోవడం.

సముద్రం ఆటుపోట్లలో ఆటు 'ఎబ్', పోటు 'ఫ్లో'. బలం, ఓపిక మెల్లగా జారిపోతుంటే కూడా 'ఎబ్ అవే' అంటారు. రాతలో బాగుంటుంది, మాటల్లో అక్కర్లేదు.

ఒంట్లో తగ్గడం

ఇక్కడ మాట తప్పితే నవ్వుతో పోదు కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మా పెద్దమ్మ అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లింది. వెళ్లిన వారానికి నీరసంగా ఉందంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సు ఏమిటి ఇబ్బంది అని అడిగితే, కోడలు నోరు తెరిచేలోపే పెద్దమ్మ తనకి తెలిసిన ఇంగ్లీషులో 'వీక్‌నెస్, టూ మచ్ వీక్‌నెస్' అంది. నర్సు ముఖం మారిపోయింది. ఏ వైపు అంది. ఎప్పటినుంచి అంది. రెండు చేతులూ పైకెత్తమంది, నవ్వమంది, తన వేళ్లు గట్టిగా పిసకమంది. పెద్దమ్మకి ఏమీ అర్థం కాక, చెప్పినట్టు చేతులెత్తి, నవ్వి, 'ఈవిడేంటే నాతో ఆటలాడిస్తోంది' అని కోడలితో తెలుగులో అంది. అది పక్షవాతం వచ్చిందేమో అని చూసే పరీక్ష. వైద్యం ఇంగ్లీషులో వీక్‌నెస్ అంటే కండరానికి బలం లేకపోవడం, చెయ్యి లేవకపోవడం, కాలు కదలకపోవడం. అకస్మాత్తుగా ఒకవైపు అలా అయిందంటే వాళ్లు పరుగులు పెట్టాల్సిందే. పెద్దమ్మకి ఉన్నది ప్రయాణం బడలిక, నిద్రలేమి, కొత్త తిండి సహించకపోవడం. దానికి 'ఫటీగ్' అనాలి, లేదంటే 'ఐ ఫీల్ టైర్డ్ ఆల్ ద టైమ్', 'ఐ హావ్ నో ఎనర్జీ'. మన దగ్గర డాక్టరుగారికి వీక్‌నెస్ అంటే నీరసమని తెలుసు, టానిక్ రాస్తారు. అక్కడివాళ్లకి ఆ అనువాదం తెలియదు. తల్లిదండ్రుల్ని విదేశాలకి పంపేవాళ్లు మందుల చీటీతోపాటు ఈ ఒక్క మాటా చెప్పి పంపండి. నిజంగానే చెయ్యి లేవకపోతే మాత్రం వీక్‌నెస్ అనే చెప్పాలి, వెంటనే, ఏ వైపో కూడా చెప్పాలి.

నొప్పి తగ్గితే 'ఈజ్'. 'ద పెయిన్ హాజ్ ఈజ్‌డ్ ఎ బిట్'. జ్వరం అయితే 'ద ఫీవర్ హాజ్ కమ్ డౌన్', పూర్తిగా పోతే 'గాన్'. రాత్రి చెమటలు పట్టి ఒక్కసారిగా విడిచిపోతే 'ద ఫీవర్ బ్రోక్' అంటారు, జ్వరం విరిగిందన్నట్టు. వాపుకి 'గాన్ డౌన్' చాలు, సబ్‌సైడ్ కూడా సరే.

మందు ప్రభావం తగ్గడానికి 'వేర్ ఆఫ్'. పన్ను పీకించుకున్నాక మత్తు దిగితే 'ద అనస్థీషియా హాజ్ వోర్న్ ఆఫ్'. ఇదే వేర్‌కి పక్క మాట మారిస్తే చెప్పులు అరిగిపోయినా మనిషి అలిసిపోయినా 'వేర్ అవుట్', అడిగీ అడిగీ ఎదుటివాడి పట్టు సడలేలా చేస్తే 'వేర్ డౌన్'. బైక్ కొనిపెట్టమని పిల్లాడు ఆరునెలలు తండ్రి వెంటపడి సాధించాడంటే 'హీ వోర్ హిజ్ ఫాదర్ డౌన్'. ఈ మూడూ ఒకేచోట రాసుకోండి.

'టేపర్' డాక్టర్ల మాట. స్టెరాయిడ్ మాత్రలు కొన్నాళ్లు వాడాక ఒక్కసారిగా మానకూడదని మోతాదు మెట్లుమెట్లుగా తగ్గిస్తారు, 'టేపర్ ఇట్ ఆఫ్' అంటారు. ఆ మాట వినబడితే అర్థం, రేపే మానేయొద్దు, చెప్పిన లెక్కలోనే తగ్గించమని.

ఇక మనవాళ్లు తరచూ బోల్తాపడే మాట 'డల్'. 'ఏంటి డల్‌గా ఉన్నావ్?' అని మనం ప్రేమగా అడుగుతాం. అదే 'వై ఆర్ యూ సో డల్?' అని ఇంగ్లీషువాడిని అడిగితే నువ్వెందుకింత బోరు కొడతావు అన్నట్టు, ఇంకా కర్మ కాలితే బుర్ర తక్కువ అన్నట్టు. 'యూ లుక్ ఎ బిట్ డౌన్' అనాలి, లేకపోతే 'ఆర్ యూ ఫీలింగ్ లో?'. డల్ నొప్పికి మాత్రం చక్కగా సరిపోతుంది. సూది పెట్టి పొడిచినట్టు కాకుండా మొండిగా, ఆగకుండా సలుపుతుంటే 'డల్ ఏక్'.

పెళ్లిళ్లలో వినపడే 'చిక్కిపోయావే' సంగతి ఒకటి ఉంది. దాన్ని 'యూ బికేమ్ వీక్' అనకండి, 'యూ హావ్ లాస్ట్ వెయిట్' అనండి. అదీ అక్కడ పొగడ్త అయిపోతుంది, థాంక్యూ అంటారు. మన చిక్కిపోయావులో ఉన్న జాలి ఆ భాషలోకి రాదు.

వంటింట్లో

మెత్తబడటానికి వంటింటిని మించిన బడి లేదు. రెసిపీ వీడియో చూసి మొదటిసారి కేకు చేసినప్పుడు అందులో 'సాఫెన్డ్ బటర్' అని ఉంది. మే నెల, హైదరాబాదు. గిన్నెలో వెన్న పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి నూనెలా పారుతోంది. మెత్తబడిందిలే అనుకుని పంచదార వేసి గిలక్కొట్టాను. కేకు అట్టులా వచ్చింది. సాఫెన్డ్ అంటే వేలు పెట్టి నొక్కితే సొట్ట పడాలి, ఆకారం చెడకూడదు. నాది 'మెల్టెడ్'. కరగడం వేరు, మెత్తబడటం వేరు అని తెలుగులో నాకు తెలుసు, ఇంగ్లీషులోనే రెండూ ఒకటనుకున్నాను. ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్ మామూలు స్థితికి రావడం 'థా', ఐసు నీళ్లవడం మెల్ట్, టీలో పంచదార కరగడం 'డిజాల్వ్'. తెలుగులో చివరి రెండిటికీ కరగడమే.

బయట వదిలేసిన అప్పడాలు మెత్తబడితే 'గాన్ సాఫ్ట్'. పాలల్లో నానిన బిస్కెట్టు 'సాగీ', తడి తగిలి చెడినది ఏదైనా సాగీయే. అన్నం ముద్దయితే 'మషీ'. మటన్ మెత్తగా ఉడికితే 'టెండర్', ఇది మెచ్చుకోలు, మిగతావన్నీ తిట్లే. పాలకూర వేడి బాణలిలో పడి కుంగిపోవడం విల్ట్, రెసిపీలో 'అంటిల్ విల్టెడ్' అంటే ఆకు వాడి లొంగేవరకూ అని, ఉడికి గుజ్జయ్యేవరకూ కాదు.

ఇడ్లీలు 'స్మూత్' కావు, 'సాఫ్ట్'. స్మూత్ అంటే నున్నగా, అది పిండికి వాడొచ్చు. పిండి 'లూజ్' అయింది అంటాం, వాళ్లు 'రన్నీ' అంటారు, లేదా 'టూ థిన్'. చొక్కా రంగు 'షేడ్ అయిపోయింది' అనడం కూడా మనదే, అక్కడ ఫేడ్. షేడ్ అంటే నీడ, లేదా రంగులో ఒక ఛాయ. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే అవి 'హార్డ్', వాటిని తీసేసే యంత్రం 'సాఫెనర్', అపార్టుమెంటు మీటింగుల్లో ఇప్పటికే వినుంటారు. అక్కడా 'ట' పలకదు, ప్లంబర్‌తో మాత్రం సాఫ్ట్‌నర్ అనే అనండి, లేకపోతే ఆయనకి అర్థం కాదు.

సాంబారులో నీళ్లు కలిపితే 'వాటర్ డౌన్'. ఇది సాంబారుతో ఆగదు. చట్టాన్నో డిమాండ్లనో నీరుగారిస్తే కూడా అదే, 'ద బిల్ వాజ్ వాటర్డ్ డౌన్'. ఒక్కోసారి ఇలా రెండు భాషలూ ఒకే నీళ్లు తాగుతాయి.

మనుషులు మెత్తబడితే

ఇక్కడ ఎంపిక చాలా సున్నితం, ఎందుకంటే ఒక్కో మాటలో మెచ్చుకోలో ఎత్తిపొడుపో దాగి ఉంటుంది. వయసుతోపాటు కోపం తగ్గి, మనవడు మీసం లాగినా నవ్వే పెద్దాయనకి 'మెలో'. 'హీ హాజ్ మెలోడ్ విత్ ఏజ్'. పండు పక్వానికి రావడం ఇందులో ఉంది, గౌరవమైన మాట. అదే పెద్దాయన గురించి 'హీ హాజ్ గాన్ సాఫ్ట్' అంటే వెనకటి పదును పోయిందని దెప్పడం. ఇంట్లో మొదటిది వాడండి.

ప్రేమ పెళ్లికి ససేమిరా అన్న తండ్రి చివరికి సరే అన్నాడు. ఎలా అన్నాడన్నదాన్ని బట్టి మాట మారుతుంది. కఠినంగా ఉన్నవాడు కరుణించి పట్టు వదిలితే 'రిలెంట్'. ఒత్తిడికి తట్టుకోలేక చేతులెత్తేస్తే 'గివ్ ఇన్', ఇంకా ఘోరంగా కూలబడితే 'కేవ్ ఇన్'. మెల్లగా తనకే నచ్చి దారికొస్తే 'కమ్ అరౌండ్'. కూతురు కన్నీళ్లు చూసి గుండె కరిగితే మెల్ట్. మాటల్లేకుండా ఉన్న రెండు కుటుంబాలు మళ్లీ పలకరించుకోవడం మొదలుపెడితే థా, చికెన్‌కి వాడినదే, మంచు వీడటం. తండ్రితో ఈ కథ చెప్పేటప్పుడు కమ్ అరౌండ్ అనడం క్షేమం.

ఆసక్తి, పలుకుబడి, ఆదరణ తగ్గితే వేన్, ఇక్కడ అది చక్కగా అతుకుతుంది. డబ్బు, సరుకు, జనం సంఖ్య కొంచెం కొంచెంగా తరిగిపోతే డ్విండిల్. 'ఫ్లాగ్' అని ఒకటి ఉంది, సాయంత్రం నాలుగింటికి మీటింగులో అందరికీ ఓపిక సన్నగిల్లుతుంది చూడండి, అది. దీనికీ జెండాకీ సంబంధం వెతక్కండి.

డబ్బు దగ్గర ఒక మోసం

రూపాయి వీకెన్ అవుతుంది, ఇది అందరికీ తెలిసిందే. మార్కెట్లో దానంతట అది పడితే 'డిప్రీషియేట్', ప్రభుత్వం నిర్ణయించి విలువ తగ్గిస్తే 'డీవాల్యూ'. 1966 జూన్ 6న డాలరుకి 4 రూపాయల 76 పైసలున్నదాన్ని 7 రూపాయల 50 పైసలు చేశారు, అది డీవాల్యుయేషన్. ఈ రోజుల్లో పేపర్లో చూసేది డిప్రీషియేషన్. మన పడు, పరచు తేడాయే ఇదీ.

మోసం ఎక్కడంటే 'ఇన్‌ఫ్లేషన్ ఈజెస్' అన్న హెడ్‌లైన్‌లో. అది చూసి ధరలు తగ్గాయనుకుంటాం. తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది. నిరుడు వంద రూపాయలున్నది ఏడు శాతం బదులు నాలుగు శాతం పెరిగితే 104 అవుతుంది, 96 కాదు. నిజంగా ధరే దిగితే 'ప్రైసెస్ ఫెల్', కొద్దిగా మెత్తబడితే 'సాఫెన్డ్'. గుంటూరు యార్డులో మిర్చి ధర కాస్త జారితే ఇంగ్లీషు మార్కెట్ రిపోర్టు రాసే మాట సాఫెన్డే. రైతుకి అందులో మెత్తదనం ఏమీ ఉండదనుకోండి.

మెయిల్ రాసేవాళ్లకి

మెయిల్ ఘాటుగా ఉందంటే 'టోన్ ఇట్ డౌన్' అంటారు, దాన్ని అవమానంగా తీసుకోకండి. చెడ్డ కబురు చెప్పేముందు ఒక మంచి మాట వేసి దెబ్బ తగలకుండా చూస్తే 'సాఫెన్ ద బ్లో'. మీ వాదనలో లొసుగు ఉంటే 'దిస్ వీకెన్స్ అవర్ కేస్'. ఎవరైనా వెనకనుంచి గోతులు తీస్తుంటే 'అండర్‌మైన్', అది చాలా బరువైన నింద, ఆధారం లేకుండా మెయిల్లో రాయొద్దు. సమస్య తీవ్రత తగ్గించడానికి చేసేది మిటిగేట్. సర్వర్ సమస్య తగ్గిందనడానికి 'ద ఇష్యూ ఈజ్ లెస్ ఫ్రీక్వెంట్ నౌ' అని మామూలు మాటల్లో రాసినా ఎవరూ మార్కులు కోసేయరు, మొదట్లో చెప్పిన ఆ జూనియర్ అబ్బాయి చేత అదే రాయించాను. 2020లో లాక్‌డౌన్ సడలింపులు గుర్తున్నాయా, అక్కడ 'ఈజింగ్ ఆఫ్ రెస్ట్రిక్షన్స్' అనేవారు, మన ప్రభుత్వాల ఉత్తర్వుల్లో 'రిలాక్సేషన్స్'. రెండూ సరైనవే.

అభ్యాసానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఒకరోజు మీ నోట వచ్చిన 'తగ్గింది'లన్నీ ఫోన్‌లో రాసుకోండి, రాత్రి కూర్చుని ఒక్కోదానికీ సరిపడే మాట వెతకండి. వెతికేటప్పుడు మాట ఒక్కటే కాకుండా దాని పక్క నామవాచకం కూడా టైపు చేసి చూడండి, వాళ్లు అలా అంటారో లేదో వచ్చే వాక్యాల్లోనే తెలిసిపోతుంది. నిన్న నావి ఐదు వచ్చాయి. అమ్మ మోకాలి నొప్పి, ఈజ్‌డ్. బండలో గ్యాస్, అది తగ్గడం కాదు, 'రన్నింగ్ లో'. ఆటో చార్జీ అడిగినదానికంటే తగ్గించడం, 'హీ కేమ్ డౌన్ టు ఎయిటీ'. పాత జీన్స్ నీలం రంగు, ఫేడెడ్. ఐదోది పై ఫ్లోర్‌లో నెల రోజులుగా నడుస్తున్న డ్రిల్లింగ్ మోత గురించి మా ఆవిడ అడిగిన ప్రశ్న, 'కాస్తయినా తగ్గిందా?' అని. ఇట్ హాజ్ నాట్ లెట్ అప్.